మనం వచ్చిన దారి ఆ ఎర్ర పెట్టెల్లో ఉంది

ఆస్టిన్, చుట్టుపక్కల ఊళ్ళలోని తెలుగు సంఘాల పెద్దలకు, తెలుగు బడుల టీచర్లకు, గుడి కమిటీల వారికి,

నమస్కారం.

నేను సెడార్ పార్క్‌లో ఉంటాను. ఆదివారాలు తెలుగు బడిలో పిల్లలకు పాఠం చెబుతాను. మీలో చాలామందికి ముఖపరిచయం ఉన్నదాన్నే. మీటింగుల్లో ఎన్నోసార్లు చెప్పాలనుకుని, ఎజెండా అయ్యేసరికి టైం లేక, చెప్పకుండా ఇంటికొచ్చేసిన మాట ఒకటుంది. అది ఈ ఉత్తరంలో రాస్తున్నాను. మనం అమెరికా రావడానికి దారి తెరిచిన 1965 చట్టం గురించి, దాని కాగితాలు దాచిన చోటు గురించి.

మనకు అరగంట దూరంలో, యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ క్యాంపస్‌లో, నిలువెత్తు తెల్లరాతి గోడలతో పది అంతస్తుల భవనం ఒకటుంది. ఐ-35 మీద డౌన్‌టౌన్‌కి వెళ్ళే ప్రతిసారీ దాని పక్క నుంచే పోతాం. 1963 నుంచి 1969 దాకా అమెరికా ప్రెసిడెంటుగా ఉన్న లిండన్ జాన్సన్ పేరు మీద కట్టిన ప్రెసిడెన్షియల్ లైబ్రరీ, మ్యూజియం అది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే క్యాపిటల్ చూపిస్తాం, సాయంత్రం కాంగ్రెస్ బ్రిడ్జి మీద గబ్బిలాలు చూపిస్తాం, శాన్ ఆంటోనియో, హ్యూస్టన్ నాసా తిప్పుతాం. అక్కడికి మాత్రం తీసుకెళ్ళం. మా బడిలో తల్లిదండ్రులను అడిగితే, "లైబ్రరీ కదండీ, పెద్దవాళ్ళు ఏం చదువుతారు?" అన్నారు. నేనూ ఈ ఊరొచ్చాక పదకొండేళ్ళ పాటు అలాగే అనుకున్నాను.

అక్కడ ఇంటికి తెచ్చుకునే పుస్తకాలేమీ ఉండవు. అమెరికాలో ప్రెసిడెంటు దిగిపోయాక ఆయన పాలనలోని కాగితాలు, ఉత్తరాలు, ఫొటోలు, రికార్డింగులు అన్నీ ఒకచోట చేర్చి, చదువుకునేవాళ్ళకు, మామూలు జనానికి తెరిచి ఉంచే పద్ధతి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలం నుంచి ఉంది. 1955లో దానికి చట్టం కూడా చేశారు. వాటిని నేషనల్ ఆర్కైవ్స్ చూసుకుంటుంది. ఒక్క టెక్సస్‌లోనే మూడున్నాయి. మన ఊళ్ళో జాన్సన్‌ది, కాలేజ్ స్టేషన్‌లో పెద్ద బుష్‌ది, డాలస్‌లో చిన్న బుష్‌ది. యూనివర్సిటీ క్యాంపస్‌లో కట్టిన మొదటి ప్రెసిడెన్షియల్ లైబ్రరీ మాత్రం మనదే. 1971 మే 22న తెరిచారు.

2023లో మా అమ్మ వచ్చినప్పుడు మొదటిసారి లోపలికి వెళ్ళాను. అదీ ఎండ దెబ్బకు. బయట నూట నాలుగు డిగ్రీలు, పిల్లదానికి సెలవులు, ఎక్కడో ఒకచోట ఏసీలో రెండు గంటలు గడపాలి.

అమ్మది పల్నాడులో ఒక పల్లె. ఐదో తరగతితో చదువు ఆపేశారు. లోపల మెట్ల దగ్గర నిలబడి తల పైకెత్తి చూస్తే, అద్దాల వెనక నాలుగు అంతస్తుల ఎత్తున వరసలు వరసలుగా ఎర్ర పెట్టెలు కనిపిస్తాయి. ఒక్కోదాని మీద బంగారు రంగు ముద్ర. నాలుగున్నర కోట్ల పేజీలున్న భండారం అది. అమ్మ చాలాసేపు చూసి, "ఇవన్నీ దస్త్రాలేనా తల్లీ? మా తాలూకాఫీసులో కూడా ఎర్రగుడ్డలోనే కట్టేవాళ్ళు" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు తాతయ్యతో పట్టా కోసం వెళ్ళినప్పుడు బీరువా మీద దుమ్ము పట్టిన ఎర్రమూటలు నేనూ చూశాను. ఎవరి భూమి ఎవరిదో, ఎవరి బతుకు ఏ కాగితంలో ఉందో ఆ మూటలకే తెలుసు. వాటిని విప్పించడానికి తాతయ్య ఎన్నిసార్లు తిరిగాడో. ఇక్కడ పదో అంతస్తులో రీడింగ్ రూం ఉంది. రిసెర్చి కార్డు తీసుకుంటే ఎవరైనా కూర్చుని ఆ పెట్టెల్లోని కాగితాలు చదువుకోవచ్చు.

మ్యూజియంలో అక్కడక్కడా ఫోన్ రిసీవర్లు ఉంటాయి. చెవి దగ్గర పెట్టుకుంటే జాన్సన్ నిజంగా మాట్లాడిన ఫోన్ కాల్స్ వినిపిస్తాయి. మొత్తం 643 గంటల రికార్డింగులు. తాను పోయాక 50 ఏళ్ళ దాకా వాటిని తెరవొద్దని ఆయన చెప్పాడు. 1973 జనవరిలో పోయాడు కాబట్టి ఆ లెక్కన 2023 దాకా ఎవరూ వినకూడదు. కానీ అప్పటి డైరెక్టర్ హ్యారీ మిడిల్టన్, జాన్సన్ భార్య లేడీ బర్డ్ ఒప్పుకోలుతో, 1993 నుంచే వాటిని బయటపెట్టడం మొదలుపెట్టాడు. టేపులు పాడైపోతాయేమో, ఆయనతో పనిచేసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారే అన్న ఆదుర్దా. ఆ ఆదుర్దా మనక్కూడా ఉండాలి, ఎందుకో చెబుతాను.

అమ్మ రిసీవర్ చెవికి పెట్టుకుంది. ఇంగ్లిష్ రాదు. అయినా పెట్టెయ్యలేదు. అవతలి మనిషిని కాసేపు బుజ్జగిస్తూ, కాసేపు గదమాయిస్తూ సాగే ఆ గొంతు వింటూ, "మా ఊరి ప్రెసిడెంటు కూడా అచ్చం ఇలాగే మాట్లాడేవాడు, పని అయ్యేదాకా వదిలేవాడు కాదు" అంది. మన పల్లెల్లో సర్పంచిని ప్రెసిడెంటు అంటాం కదా. తర్వాత మా అమ్మాయి, అప్పటికి పదకొండేళ్ళది, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని గోడల మీదవి ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఓటు హక్కు, పౌరహక్కులు, ముసలివాళ్ళ వైద్యానికి ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, వియత్నాం. "సంతకం" అన్న మాట దానికి తెలుసు, "చట్టం" తెలియదు. "అంటే రూల్, కానీ పెద్దది" అని చెప్పింది. అమ్మే దానికి "చట్టం" అని అందించింది. బడిలో నేను మూడేళ్ళు చెప్పినా రాని మాటలు ఆ రెండు గంటల్లో వచ్చాయి దానికి.

1965, 66 వరస కరువుల గురించి నేను చదివినంత వరకు అమ్మకు చెప్పాను. అప్పట్లో పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం కింద అమెరికా మనకు గోధుమలు పంపింది. జాన్సన్ వాటిని ఏడాదికి సరిపడా ఒక్కసారిగా ఇవ్వలేదు, నెలనెలా తానే చూసుకుంటూ కొద్దికొద్దిగా వదిలాడు. ఇండియా వ్యవసాయ విధానం మార్చుకోవాలని ఒత్తిడి, వియత్నాం మీద మనవాళ్ళు చేస్తున్న విమర్శల మీద కోపం, రెండూ అందులో ఉన్నాయి. ఇక్కడ వాషింగ్టన్‌లో సంతకం ఆలస్యమైతే అక్కడ రేషన్ షాపుల్లో టెన్షన్. అమ్మ అంతా విని, "అయితే మా బళ్ళో ఉప్మా పెట్టింది ఈయన కాలంలోనేనా? పాలపొడి కలిపిన పాలు పోసేవాళ్ళు. ఆ ఉప్మా నూనె వాసన వేరేగా ఉండేది" అంది. ఆ రోజు ఇంటికొచ్చాక ఉప్మా గురించి గంట సేపు మాట్లాడింది. తమ్ముడి కోసం ఆకులో మూట కట్టుకుని తెచ్చేదట. నలభై రెండేళ్ళుగా నేను ఆమె కూతురిని, ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కదా అంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఎర్ర పెట్టెల్లో ఎవరి కాగితాలున్నాయో ఆ ప్రభుత్వమే 1965 అక్టోబర్ 3న ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టింది. న్యూయార్క్‌లో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ పాదాల దగ్గర, ఆరుబయట బల్ల వేసుకుని జాన్సన్ సంతకం చేశాడు. అంతకు ముందు మనకున్న దారి ఎంతో తెలుసా? 1917లో మనతో సహా ఆసియాలో చాలా దేశాల వాళ్ళకు తలుపు మూసేశారు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ వలసదారు కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు చెప్పేసింది. 1946లో కాస్త తెరిచి, మొత్తం ఇండియాకు ఏడాదికి 100 మంది అన్నారు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ కలిపి మన వాటాకు ఆ వందలో ఎంతమంది వస్తారు? 1965 చట్టంతో దేశాల వారీ పాత కోటాలు పోయాయి. ఒక్కో దేశానికి ఏడాదికి 20,000 మంది వరకు అన్నారు. 1968 జూలై నుంచి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది.

ఆ రోజు జాన్సన్ తన ప్రసంగంలో, ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదు, లక్షలాది మంది జీవితాలను తాకేది కాదు అన్నాడు. మన జీవితాలను తాకింది. మీరూ నేనూ ఈ ఊళ్ళో ఉన్నామంటే ఆ సంతకం ఉంది వెనకాల.

దానికి రెండు నెలల ముందు, 1965 జూలై 30న, మిస్సోరీలోని ట్రూమన్ లైబ్రరీకి వెళ్ళి మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టాడు. మొదటి కార్డు మాజీ ప్రెసిడెంటు, ముసలాయన ట్రూమన్‌కే దక్కింది. అదీ ఒక ప్రెసిడెన్షియల్ లైబ్రరీలోనే జరిగింది. మెడికేర్‌తో ఆసుపత్రులకు డబ్బు వచ్చింది, రెసిడెన్సీలకు, అంటే కొత్త డాక్టర్ల శిక్షణకు, డబ్బు వచ్చింది, డాక్టర్ల అవసరం పెరిగింది. అటు డాక్టర్లు కావాలి, ఇటు తలుపు తెరిచారు. గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల నుంచి మనవాళ్ళు విమానాలెక్కింది ఆ సందులోనే. 1977లో న్యూయార్క్‌లో మొదటి తెలుగు మహాసభ జరిగే నాటికి ఆ కుటుంబాలు ఇక్కడ నిలదొక్కుకున్నాయి.

మ్యూజియంలో తిరుగుతున్నంతసేపూ మన గొంతు ఎక్కడైనా వినిపిస్తుందేమోనని చూశాను. నాకు కనబడలేదు. అది వాళ్ళ తప్పని నేను అనను. పౌరహక్కుల ఉద్యమం, వియత్నాం యుద్ధం ఆ కాలాన్ని నిలువునా కుదిపేసినవి, వాటికి చోటు ఎక్కువ దక్కడం న్యాయమే. పైగా ఎవరి కథ వాళ్ళు తీసుకెళ్ళి చేతిలో పెడితేనే కదా ఎవరైనా దాచేది. మనం ఎప్పుడైనా ఆ తలుపు తట్టామా?

తడితే తెరుస్తారన్న నమ్మకం నాకుంది. ఆ లైబ్రరీ పబ్లిక్ ప్రోగ్రాంల చరిత్ర చూస్తే మీకూ ఆ నమ్మకం కలుగుతుంది. 1972 డిసెంబర్‌లో అక్కడ పౌరహక్కుల మీద సదస్సు పెట్టారు. జాన్సన్‌కు గుండె బాగా పాడైంది. బయట మంచు, రోడ్లన్నీ జారుడు. డాక్టర్లు వద్దన్నా వచ్చాడు. మాట్లాడుతూ మధ్యలో వేదిక మీదే మాత్ర వేసుకున్నాడు. మనం చేసింది చాలదు అన్నాడు. తర్వాత సభలో కొందరు లేచి అభ్యంతరం చెబితే, మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళి మాట్లాడాడు. అదే ఆయన చివరి బహిరంగ ప్రసంగం, ఆరు వారాలకు పోయాడు. పౌరహక్కుల చట్టానికి 50 ఏళ్ళైన సందర్భంగా 2014 ఏప్రిల్‌లో మూడు రోజుల సదస్సు జరిపితే కార్టర్, క్లింటన్, చిన్న బుష్, ఒబామా నలుగురూ వచ్చి మాట్లాడారు. 2016లో వియత్నాం యుద్ధం మీద పెట్టారు. జాన్సన్ ప్రతిష్ఠను అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసింది ఆ యుద్ధమే, 58,000 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. వియత్నాంలో పోయినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఆయన పేరున్న భవనంలోనే దాని గురించి కుర్చీలు వేసి మాట్లాడించారు. మ్యూజియం కొత్తలో తనను అన్నిటికన్నా ఘోరంగా తిట్టిన ఉత్తరం ఏదో వెతికి ప్రదర్శనలో పెట్టమని జాన్సనే పట్టుబట్టాడని చెబుతారు. అలాంటి చోట మన ప్రశ్నకూ జాగా ఉంటుంది.

మన దగ్గర ప్రశ్నలు లేవా? 1965లో తెరిచిన తలుపుకు 1990 చట్టం వేరే గడియ పెట్టింది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. మన బడికి వచ్చే పిల్లల్లో ఇక్కడే పెరిగి, 21 నిండగానే వీసా పోతుందని భయపడే వాళ్ళున్నారు. పదిహేనేళ్ళుగా క్యూలో ఉన్న తండ్రులున్నారు. వాళ్ళకు 1965 నాటి ఆ మొదటి చట్టం ఎక్కడ ఎలా పుట్టిందో, దాని కోసం ఎవరు ఎవరితో వాదించారో, ఏ మాట ఏ రాజీలో చేరిందో తెలిస్తే, ఇప్పుడేం అడగాలో కూడా తెలుస్తుంది. ఆ కాగితాలు అరగంట దూరంలో ఉన్నాయి.

2025 అక్టోబర్ 3కి ఆ చట్టానికి 60 ఏళ్ళు నిండాయి. దసరా మర్నాడు. నేనున్న ఏడు వాట్సాప్ గ్రూపుల్లో బతుకమ్మ ఫొటోలు, జమ్మి శుభాకాంక్షలు నిండిపోయాయి, చాలా అందంగా ఉన్నాయి, నేనూ పెట్టాను. ఆ సంతకం గురించి ఒక్కరికీ గుర్తు రాలేదు. నాకు గుర్తొచ్చింది కూడా మూడు రోజుల తర్వాత. చాలా బాధేసింది.

అందుకే అడుగుతున్నాను. సంఘాల వాళ్ళు ఏటా ఉగాదికి, దీపావళికి హాలు మాట్లాడి, సౌండ్ సిస్టం తెప్పించి, వందలమందికి భోజనాలు పెట్టి ఎంత కష్టపడతారో దగ్గరగా చూశాను. పిల్లల డాన్సులు ఉండాలి, పాటలు ఉండాలి. ఆ ఓపికలో ఒక్క పిసరు దీనికి ఇవ్వండి. అక్టోబర్ మొదటి వారంలో ఏటా ఒక సాయంత్రం, లైబ్రరీ వాళ్ళతో కలిసి, 1965 చట్టం మీద ఒక కార్యక్రమం చేద్దామని సంఘం తరఫున అధికారికంగా ఉత్తరం రాయండి. మనమొక్కళ్ళమే వెళ్ళక్కర్లేదు. గుజరాతీలు, మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, కొరియా వాళ్ళు, వియత్నాం నుంచి వచ్చినవాళ్ళు, అందరికీ ఆ చట్టంతో లెక్క ఉంది. అందరం కలిసి అడిగితే దానికి బరువుంటుంది. అక్కడ ఎప్పటికప్పుడు మారే తాత్కాలిక ప్రదర్శనల కోసం వేరే గ్యాలరీ ఉంది, బీటిల్స్ మీదా పెట్టారు, ఆటల్లో సమానత్వం కోసం జరిగిన పోరాటం మీదా పెట్టారు. మన సూట్‌కేసులు, ఏరోగ్రాములు, మొదటి జీతం చెక్కుల జిరాక్సులు ఎందుకు పెట్టకూడదు?

తెలుగు బడి టీచర్లకు వేరేగా ఒక మాట. లిండన్ జాన్సన్ కూడా టీచరే. 1928లో, కాలేజీ చదువు మధ్యలో ఆపి, కొటూలా అనే చిన్న ఊళ్ళో మెక్సికన్ పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆ పిల్లల ముఖాలు మర్చిపోలేదని ప్రెసిడెంటయ్యాక కాంగ్రెస్‌లోనే చెప్పాడు. ఆ మ్యూజియంలో మన పెద్ద తరగతుల పిల్లలతో ఒక పని చేయిద్దాం. ఒక్కొక్కరికి ఒక్కో గది ఇచ్చి, అక్కడున్నది చదివి, వాళ్ళ అమ్మమ్మకో తాతయ్యకో తెలుగులో చెప్పమందాం. పరీక్ష అదే. మాట రాకపోతే పెద్దవాళ్ళు అందిస్తారు. చట్టం, పౌరసత్వం, వలస, కరువు, రాజీ, ఇవి ఏ వర్క్‌షీట్‌లోంచీ రావు. సెలవులకు వచ్చి ఆరు నెలలు సోఫాలో కూర్చుని "ఇక్కడ మాకేం తోచదమ్మా" అనే పెద్దవాళ్ళకు, తాము చూసిన కాలం గురించి మనవడు అడుగుతుంటే ఎలా ఉంటుందో నేను మా ఇంట్లో చూశాను.

గుడి కమిటీల వాళ్ళను అడిగేది, మీ దగ్గరున్న పెద్దల పేర్లు. 1968 తర్వాత వచ్చిన మొదటి తరం మనవాళ్ళు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. నెలకొకరి కోసం మీరు గుడి ఈమెయిల్‌లో సంతాప సందేశం పంపుతూనే ఉన్నారు. జాన్సన్‌తో పనిచేసిన వందలమందిని కూర్చోబెట్టి, వాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసి, టైపు చేసి, ఆ లైబ్రరీ దాచింది. అది చూసి మనమూ నేర్చుకోవచ్చు. ముందు మనం రికార్డు చేద్దాం. తర్వాత ఎక్కడ దాస్తే భద్రమో, ఎవరు తీసుకుంటారో లైబ్రరీ వాళ్ళనీ యూనివర్సిటీ వాళ్ళనీ అడుగుదాం.

నేను ఒకరితో మొదలుపెట్టాను. ఆస్టిన్‌కు గంట దూరంలో ఉండే ఒక పెద్దాయన, డాక్టరు, 1971లో వచ్చారు. పేరు రాయొద్దన్నారు. పోయిన నెల ఆయన ఇంటికి వెళ్తే ఆంటీ గారు పెసరట్లు వేశారు. ఆయన లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చారు. అందులో పాత పాస్‌పోర్టు, అట్ట రంగు వెలిసింది. వెనక పేజీలో ఒక ముద్ర, దాని పక్కన పెన్నుతో రాసిన అంకె, 8. అప్పట్లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చే విదేశీ మారకం అంతే, ఎనిమిది డాలర్లు. ఆ సిరా ఇంకా నీలంగానే ఉంది. న్యూయార్క్‌లో దిగి, ఆ ఎనిమిదిలోంచి ఇంటికి ఫోన్ చెయ్యాలా, అన్నం తినాలా అని ఎయిర్‌పోర్టులో గంట సేపు నిలబడ్డారట. ఏం చేశారు అంకుల్ అంటే, "రెండూ చెయ్యలేదమ్మా, దాచుకున్నాను" అన్నారు.

తాను వచ్చిన చట్టం ఏదో ఆయనకు తెలుసు. దాని మీద సంతకం పెట్టినాయన కాగితాలు ఇక్కడే ఉన్నాయని మాత్రం 30 ఏళ్ళు టెక్సస్‌లో ఉండి కూడా తెలియదన్నారు. పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, "ఇది ఎవరికి కావాలి?" అని అడిగారు.

వచ్చే నెల రెండో శనివారం ఉదయం పది గంటలకు ఆయనా, ఆంటీ గారూ, మా పెద్ద తరగతి పిల్లలు తొమ్మిది మందీ ఆ ఎర్ర పెట్టెల కింద కలుసుకుంటున్నాం. బిస్కెట్ డబ్బా తెస్తానన్నారు. సంఘాల నుంచి, గుళ్ళ నుంచి ఒక్కొక్కరైనా రండి. కారు లేని పెద్దవాళ్ళు మీ దగ్గరుంటే చెప్పండి, నా వ్యాన్‌లో ఇంకా మూడు సీట్లున్నాయి.

ఇట్లు,
సెడార్ పార్క్ తెలుగు బడి టీచరు ఒకరు